బ్రేకుల ఎల్లయ్య

మా చిన్నతనంలో శంషాబాద్ మీద విమానాలు ఎక్కడివి... మాకు పెదనాన్న వ్యవసాయ బావే ఆకాశం. దూరం నుంచి ఉరికొచ్చి, గట్టు మీద నుంచి దూకడమే పందెం.

ఒకరోజు నాకు కోతి బుద్ధి పుట్టింది. పెదనాన్న కొడుకు ఎల్లయ్య అన్నను జడిపించాలని, ఎవరికీ కనపడకుండా మెట్ల మీదుగా దిగి, సరిగ్గా తను దూకే చోట నీళ్లలో మునిగి ఉన్నాను.

అన్న ఉరికొచ్చాడు... చివరి అడుగులో నీళ్ల కింద నా తల చూశాడు. దూకబోయినవాడు పక్కకు విసురుకొని బండల మీద పడ్డాడు. మోకాళ్లు చీరుకుపోయాయి.

"అరె, ఎల్లిగానికి బ్రేకులు పడ్డయ్ రా! భయపడ్డడు!" అని పిల్లలంతా ఒకటే గోల.

నీళ్ల కింద నేనున్నానని అన్న ఎవరికీ చెప్పలేదు. చెబితే పెదనాన్న నా తోలు తీసేవాడు. నేను మెట్ల దగ్గర తేలి, అందరికంటే గట్టిగా నవ్వాను... దొంగ వెధవని.

ఆ రోజు నుంచి తను బ్రేకుల ఎల్లయ్య. ఇప్పుడు క్యాబ్ తోలుతున్నాడు... స్టాండులో కుర్రకుంకలు కూడా అదే పేరుతో పిలుస్తారు.

మొన్న విమానంలో ఊరికి వస్తున్నాను. చక్రాలు దించారు, నేల అందేంత దగ్గరికొచ్చింది... ఒక్కసారిగా ఇంజన్లు గర్జించాయి, ముక్కు పైకి లేచింది, మళ్లీ మబ్బుల్లోకి!

పక్క సీటాయన ఫోన్‌లో వీడియో తీస్తూ, "గీనికి దించుడే రాదు. లైసెన్స్ ఎవడిచ్చిండో!" అన్నాడు. చుట్టూ ఇకిలింపులు.

ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదని, ఇంకో చుట్టు తిరిగి దిగుతామని పైలట్ చెప్పాడు. అయినా ఆయన నవ్వు ఆగలేదు. నాకు ఒళ్లు మండింది.

"నోర్ముయ్ అన్నా! కింద మనుషులున్నరని లేపిండు. గట్లనే దించితే చప్పట్లు కొడుతుంటివా? కొట్టనీకి చేతులు మిగులుతుండెనా?"

ఏడో తరగతితో ఆగినోణ్ణి, నాకే అర్థమైంది... చదువుకున్న మహానుభావుడికి కాలేదు!

బయట క్యాబ్‌తో ఎల్లయ్య అన్న ఉన్నాడు. జరిగింది చెప్పాను.

"మంచిగ చేసిండు," అన్నాడు. నా బ్యాగు డిక్కీలో పెడుతూ, "అందరు నవ్విన్రా?" అని అడిగాడు.

నేను ముందు తలుపు తీసి, అన్న పక్క సీట్లో కూర్చున్నాను.

ఆ బావి విమానాశ్రయం గోడ లోపల ఎక్కడో పూడిపోయింది. ఆ నవ్వు మాత్రం పూడలేదు... ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కింది.

ఇంతకాలానికి రాస్తున్నాను... ఆ రోజు నీళ్ల కింద ఉన్నది నేనే. అన్నను ఇంకెవడైనా బ్రేకులని పిలిస్తే మర్యాద దక్కదు.

మీ ఊళ్లోనూ ఒకరి ప్రాణం కోసం ఆగి, పిరికివాడనిపించుకున్నవాడు ఉండే ఉంటాడు. ఆయన పేరు రాయండి... నవ్వినవాళ్ల పేర్లు కూడా. మొదటి పేరు నాదే.