స్కాట్లాండ్ పాటలూ మిరపకాయల ముచ్చికలూ

ఆ రోజుల్లో పర్చూరు చుట్టుపక్కల స్కాట్లాండ్ గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట చెప్పిందీ నేనే, నమ్మిందీ నేనే. ఇరవై ఆరేళ్ళప్పుడు మనిషికి తెలివి కంటే ధైర్యం ఎక్కువుంటుందంటారు. నాకైతే ధైర్యం ఒక్కటే ఉండేది. ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతుండేవాణ్ణి. కరస్పాండెంటు గారు పిలిచి, "జూన్ నాటికి ఎం.ఫిల్ పట్టా తెచ్చుకో మేష్టారూ. లేదంటే నీ క్లాసులు మా బావమరిది చెబుతాడు" అన్నారు. (బావమరిదికి ఇంగ్లీషు రాదు. అది ఆ కాలేజీలో పెద్ద లోపం కాదు.) గుంటూరులో మా గైడు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పళ్ళు కుట్టుకుంటూ, "మన జానపదం మీద చేస్తే తప్పులు పట్టేవాళ్ళు వీధికొకరున్నారు. ఎవడూ ముట్టనిది పట్టుకో" అని ఉపదేశించారు. అలా నేను స్కాట్లాండ్ పట్టుకున్నాను.

ఆ దేశంలో ఎవరో మహానుభావులు టేపు రికార్డర్లు మోసుకుంటూ పల్లెపల్లెకూ తిరిగి, ముసలివాళ్ళ చేత పాడించిన పాటలు, చెప్పించిన కథలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మంచం దిగకుండా చేసే పరిశోధన కంటే నాకు కావలసిందేముంది? వాటిలో సగం ఇంగ్లీషు, నేను పాఠం చెప్పే ఇంగ్లీషుకు ఏమీ కాని ఇంగ్లీషు. మిగతా సగం గేలిక్ అనే భాష. ఆ భాష రాకపోవడం పరిశోధనకు అడ్డమని నాకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని తడి ఉన్ని బట్టను బాదుతూ పాడే పాటలు ఎంచుకున్నాను. పది రోజులు విన్నాను. ధబ్, ధబ్, ధబ్. స్కాట్లాండ్ వాతావరణం గురించి నాలుగు పేజీలు రాసి, అక్కడ ఆగిపోయాను.

మా ఇంటి వెనకే మిరప కల్లం. అందులో ఎండుకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద మా వీధిలో ఉండే రేడియో పెద్దమ్మ. ఒకసారి మొదలెడితే ఆపడానికి మీట ఉండదని ఆ పేరు. ఒకరోజు గోడ అవతల నుంచి కేకేసింది.

"ఒరే అబ్బాయ్, పది రోజుల నుంచి ఏందిరా ఆ బాదుడు? ఎవర్ని కొడతన్నారు?"

"పాట పెద్దమ్మా. పరిశోధన."

"అయితే ఇటు తీసుకురా. మేమూ పరిశోధిస్తాం."

ఫోను తీసుకెళ్ళి మిరపకాయల గుట్ట పక్కన పెట్టి, నేను బస్తాలకు ఆనుకున్నాను. పెద్దమ్మ చేతులాపకుండా పాటంతా విని, "ఇది రోజు కూలి పాట కాదురా, గుత్త పాట" అంది.

"అంటే?"

"రోజు కూలికైతే పాట సాగదీస్తాం. పనంతటికీ ఇంత అని గుత్తకైతే నిదానంగా ఎత్తుకుని వడి పెంచుకుంటా పోతాం. వీళ్ళు వడి పెంచుతున్నారు చూడు, పని అయిపోవస్తంది. ఇదిగో, ఇక్కడ ఎవరో పిల్లకు ఎవడితోనో జత కట్టి పాడారు. నవ్వింది ఆ పిల్లే."

ఇంటికొచ్చి, ఆ పాట కింద ఇంగ్లీషులో రాసిన వివరం చదివాను. పని ముగిసేవేళ పాట వడి పెరుగుతుందట. పెళ్ళికాని పిల్లల పక్కన కుర్రాళ్ళ పేర్లు చేర్చి ఆటపట్టిస్తారట. నాకు ఒళ్ళు మండింది. నేను పది రోజులు విని పట్టుకోలేనిది ఆవిడ ముచ్చికలు తీస్తూ పట్టుకుంది! మర్నాటి నుంచి రోజూ ఫోను మోశాను. వాళ్ళు చెప్పారు, నేను రాశాను. పర్చూరు మిరప కల్లం అని రాస్తే బాగుండదు కదా, అందుకని పదకొండు చోట్ల 'ఒక సీనియర్ పరిశోధకురాలితో వ్యక్తిగత సంభాషణ' అని వేశాను. ఆవిడెవరని గైడు గారు అడిగితే, ఎనిమిదేళ్ళు స్కాట్లాండ్‌లో ఉండి వచ్చారని, పెళ్ళి చేసుకోలేదని, రెండు కుక్కలున్నాయని చెప్పాను. (కుక్కలు ఆయన అడగలేదు. నా దాతృత్వం.)

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గారు థీసిస్ మూసి, "ఇందులో పనికొచ్చేదంతా ఈ పదకొండు ఫుట్‌నోట్లలోనే ఉంది. ఆవిడను చూశాకే సంతకం" అన్నారు.

"ఆవిడ... కాలం చేశారండీ."

"అయ్యో! నిన్న ఫోన్లో మాట్లాడానన్నావు కదయ్యా!" అన్నారు గైడు గారు, నిజంగా బాధపడుతూ.

ఆవిడ ఉండే చోటు చెప్పక తప్పింది కాదు. అదే మధ్యాహ్నం కారు కల్లం ముందు ఆగింది. దిగుతూనే పరీక్షకుడు గారికి తుమ్ములు, గైడు గారికి కన్నీళ్ళు. నా పట్టా, నా క్లాసులు, బావమరిది మొహం అన్నీ ఆ ఘాటులో ఒకేసారి కనిపించాయి.

"ఊరికే నిలబడితే ఘాటెక్కుద్ది, కూర్చుని పని చెయ్యండయ్యా" అని పెద్దమ్మ ఇద్దరి ముందూ చెరో గుప్పెడు కాయలు పోసింది.

"ఎనిమిదేళ్ళు స్కాట్లాండ్‌లో ఉన్నారటగా అమ్మా?" అన్నారు గైడు గారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నేను మార్టూరు దాటి ఎరగను బాబూ."

"మరి ఇతను మిమ్మల్ని ఏమేం అడిగేవాడు?" అన్నారు పరీక్షకుడు గారు.

"అడగటమా? ఫోను పెట్టి పడుకునేవోడు. మేం చెబుతుంటే ఊఁ కొట్టేవోడు. ఊఁ ఆగితే గురక." అంతటితో ఊరుకోక ముఠా వైపు కన్నుగీటి ఎత్తుకుంది:

"ఫోను మోసే పంతులు, బస్తాకు ఆనితే నిద్దర్లు..."

"కొండంత సదువు, గుప్పెడు పని!" అని అందరూ అందుకున్నారు. మూడో చరణంలో నాకు మా కాలేజీ ఆయాతో జత కట్టేశారు. పరీక్షకుడు గారు తుమ్ముల మధ్యే జేబులోంచి రికార్డరు తీశారు.

సంతకం పెడుతూ ఆయన రెండు షరతులు విధించారు. పదకొండు చోట్లా ఆవిడ పేరు రాయాలి. ముందుమాటలో నేను నిజంగా చేసిన పనేమిటో రాయాలి. రెండోది తేలిక, 'ఫోను మోశాను' అని రాశాను. మొదటిదానికి మళ్ళీ పెద్దమ్మ దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ మాటలతో పదకొండు ఫుట్‌నోట్లు నింపినవాణ్ణి, అసలు పేరేమిటని ఆవిడను ఆరోజే మొదటిసారి అడిగాను. (ఇక్కడ రాయను. రాస్తే "నా పేరుతో ఇంకా ఎన్నాళ్ళు తింటావురా" అంటుంది. ఇప్పటికీ అంటుంది.)

పట్టా వచ్చింది, క్లాసులు నిలిచాయి. ఆ పరీక్షకుడు గారు తన రికార్డింగులన్నీ తర్వాతెప్పుడో నెట్‌లో పెట్టారు. మొన్న వెతికితే కల్లం పాట దొరికింది. పాడినవారి పేరు, ఊరు, చేస్తున్న పని, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కింద ఒక వాక్యం: 'ఎగతాళి పాట. ఇందులోని సోమరి ఎవరో తెలియదు.' ఆ సోమరి నేనేనని వాళ్ళకు రాద్దామని కూర్చున్నాను. ఈలోగా ఆ మూడో చరణం వచ్చింది. అందరి నవ్వుల వెనక సన్నగా, సిగ్గుపడుతూ ఓ కుర్రాడు నవ్వుతున్నాడు. ఇంకోసారి విన్నాను. పెద్దమ్మలా వినేవాళ్ళకు ఆ నవ్విందెవరో నేను చెప్పనక్కర్లేదు. ఉత్తరం రాయలేదు.