వీరాయమ్మ కాచిన చోడిజావ

పగిలిన చట్టి పెంకులన్నీ చీరచెంగులో మూటగట్టించి, మా వీధి మొదలు నుంచి రేవుదాకా నడిపించి వీరాయమ్మను పంపేశారు. దీపాలు పెట్టే వేళ. అరుగుల మీద కూర్చున్న వాళ్ళంతా చూశారు. ఏం చేసిందని ఎవరైనా అడిగితే ముందు నడుస్తున్న పాలేరు, "చంటిబాబుగారి నోరు మైలపరిచిందండీ" అని చెప్పుకుంటూ పోయాడట. ఆ చంటిబాబుని నేనే. అప్పుడు నాకు ఏడో నెల.

మా అమ్మ నన్ను కన్న పదకొండో నాడు పోయింది. ఏటికి అవతల, అప్పనపల్లి దగ్గర పడవలవాళ్ళ పేటలో, పురిట్లోనే కొడుకును పోగొట్టుకున్న మనిషి ఉందని తెలిసి మా నాన్న సూరయ్యగారు కబురు పెట్టారు. వీరాయమ్మ అలా వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. పెరటి వసారాలో ఒక చాప ఇచ్చారు. గడప దాటి లోపలికి రాకూడదు. నన్నే తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. పాలు తాగాక తీసుకుపోయి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచేవారు.

మగపిల్లవాడికి అన్నప్రాశన ఆరో నెలలో చెయ్యాలి, కుదరకపోతే ఎనిమిదిలో, అదీ కాకపోతే పదిలో. నా ఆరో నెల మూఢంలో పడింది. సరే, ఎనిమిదో నెలలో చూద్దాం అన్నారు పెద్దలు. వాళ్ళు వేళకు భోంచేస్తూనే ఉన్నారు కాబట్టి రెండు నెలలు పెద్ద లెక్కగా తోచలేదు. ఈలోగా వీరాయమ్మకు పాలు తగ్గాయి, పోయిన కొడుకు మీది బెంగతోనో, పెరట్లో పడేసే చద్ది చాలకో. పగలు ఎలాగో గడిచేది. పొద్దు వాలితే నా ఏడుపు వీధిలోకి వినపడేదట. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మా మేనత్త కనకరత్నం. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి.

వీరాయమ్మ దాచి చెయ్యాలనుకోలేదు. ముందు మా మామ్మనే అడిగింది.

"పెద్దమ్మగారండీ, బాబుకి పాలు సాలట్లేదండీ. పొద్దుగూకేలోగా గుక్కెడు జావ పట్టనివ్వండి."

"ముహూర్తం కాకుండా మెతుకు తగలకూడదే."

"మెతుకులు కాదండీ, సోళ్ళేనండీ. మా పేటలో పిల్లలు ఆటితోనే పెరుగుతారండీ."

"ఆఁ, పెరిగేడులే నీ కొడుకు!" అంది మామ్మ.

ఆ మాట విని వీరాయమ్మ వెనక్కి మళ్ళింది. కాని మర్నాటి నుంచి పశువులపాక వెనక మూడు రాళ్ళు పెట్టింది. చోళ్ళు, అంటే రాగులు, నానబోసి, గుడ్డలో కట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దంచి, పాతచీర ముక్కలో వస్త్రకాయం పట్టేది. పిడికెడంత చట్టిలో నీళ్ళలాగా కాచి, తాటిబెల్లం పలుకు వేసి, చల్లార్చి, వేలితో నా నాలుక మీద రాసేది. రెండు రోజులకు వేలు పట్టుకుని నేనే లాక్కున్నానట. పన్నెండు సాయంత్రాలు ఏడవలేదు. పదమూడో నాడు మామ్మ పాక వెనక పొగ చూసి, వచ్చి చట్టి పగలగొట్టింది.

ఆరు నెలలు ఆ మనిషి ఒంట్లోని పాలు తాగితే మైలపడని నోరు, ఆ మనిషి చట్టిలోని జావకు మైలపడింది. గోమూత్రంతో కడిగారు.

ఎనిమిదో నెలలో మా తాత పోయాడు, ఇల్లు మైలలో పడింది. ముహూర్తం పదికి జరిగింది. అంతకాలం నన్ను బతికించింది మళ్ళీ ఆ జావే. వీరాయమ్మ కాస్తున్నప్పుడే కనకరత్నం అత్త చాటుగా చూసి నేర్చుకుని, కషాయమని చెప్పి పోసింది. రంగు కలిసొచ్చింది. పదో నెలలో బంగారపు ఉంగరంతో పాయసం నాకించి, "ఏం ముహూర్తమండీ, పిల్లాడు నిగనిగలాడిపోతున్నాడు" అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారట.

పెద్దలు ముహూర్తాలు చూసే ఆ పంచాంగంలో నిజంగా ఏముందో చూద్దామనే నేను ఎవరూ చెప్పకుండా అక్షరాలు నేర్చుకున్నాను. తిథి ఉంది, వారం ఉంది, వర్జ్యం ఉంది. చంటివాడి ఆకలికి అందులో చోటు లేదు.

నిరుడు నా కొడుక్కి ఆరో నెల. నా భార్యకు చలిజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. ఆవుపాలు పోస్తే కక్కేస్తున్నాడు. మామ్మ మంచం మీంచే, "ఆరులో ముహూర్తం లేదు, ఎనిమిదో నెల దాకా మెతుకు తగలనివ్వను" అంది. కనకరత్నం అత్త అప్పటికే లేదు. నేను రేవు దాటాను.

వీరాయమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. జుట్టు నెరిసింది. ఎవరని అడిగితే చెప్పాను. పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎముకల మీద కండ పట్టిందండీ," అంది. "ఏం పని మీద వచ్చేరు?"

చెప్పాను. ఎన్నిసార్లు కక్కుతున్నాడు, ఏ వేళప్పుడు, పళ్ళు మొలిచాయా, అన్నీ అడిగి, చేతులు కడుక్కుని కూర్చుంది.

"ముందు మూడు సాయంత్రాలు సోడిజావేనండీ, వేలు ముంచితే జారిపోయేంత పల్చగా. ఆనక పెసరపప్పు ఉడికించి, పైన తేరిన కట్టు. అదీ పడితే సక్కెరకేళి పండు నివురులో కాల్చి, మధ్యలో ఈనె తీసేసి మెదపండి. కొత్తది ఒకటి పెట్టేక మూడ్రోజులు ఇంకోటి పెట్టకండి, ఏది పడలేదో తెలవాలి గదండీ. దీపాలెట్టకముందే పెట్టండి. నిద్దట్లో పోస్తే పొలమారుద్ది. తల తిప్పేసుకుంటే వదిలెయ్యండి, కుక్కకండి."

"అలాగే," అన్నాను.

"ఎక్కడ కాస్తారండీ?"

"పశువులపాక వెనక. ఎవరికీ కనపడకుండా."

వీరాయమ్మ నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నేనంటే పాలివ్వడానికొచ్చినదాన్నండీ, దాక్కున్నాను. ఆ ఇల్లు మీదే గదండీ?"

మొన్న కార్తీకంలో జ్వరమొచ్చి వీరాయమ్మ పోయిందని పడవవాడు చెప్పాడు. నా కొడుకు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నేను ఆవిడను చూడటం రేవు దాటిన ఆ రోజే ఆఖరు. నేను లేచేసరికి గుడిసెలోకి వెళ్ళి, పిడికెడంత మట్టిచట్లు రెండు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఒక్కటి చాలు కదా అన్నాను.

"వంటింట్లోనే కాయించండి అబ్బాయిగారూ, మీ మామ్మగారి కళ్ళముందే," అంది. "ఒకటి ఆవిడ పగలగొడతారు గదండీ. రెండోది పొయ్యి మీదెట్టండి."