ఎడమచేతివాటం కత్తెర

మా దర్జీ షాపులో కత్తిరింపు అన్నయ్యది, కుట్టడం నాది. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుంటేనే ఏ భుజం కాస్త కిందికి ఉందో పట్టేసేవాడు. నేను టేపు పెట్టి మరీ తప్పు చెప్పేవాణ్ని.

ఒకరోజు పొద్దున్నే గుడ్డ మీద ఆయన గీస్తున్న సుద్దగీత పక్కకు పోయింది. "కళ్లజోడు మార్చాలేమో అన్నయ్యా!" అని నవ్వాను. ఆయన కుడిచెయ్యి బల్ల అంచు మీంచి బరువుగా జారిపోయింది. నేను నవ్వుతూనే ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పక్షవాతం. రెండు నెలల్లో నడక దారికొచ్చింది, మాట తిరిగొచ్చింది. చెయ్యే మొండికేసింది.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒక చిన్న పెట్టె, ఒక మందపాటి తొడుగు ఇచ్చింది. కుడి ముంజేతికి పెట్టెలోని రెండు ప్యాడ్లు అంటించి మీట నొక్కితే సన్నటి కరెంటు నరంలోకి వెళుతుంది. చీమలు పాకినట్టుంటుంది, వేళ్లు కాస్త కదులుతాయి. "కరెంటు నరాన్ని లేపుతుందంతే మాస్టారూ. లేచిన చేత్తో వెంటనే పని చేయించాలి. అంతసేపూ ఎడమచేతికి ఈ తొడుగు వేసే ఉంచాలి. ఆ చెయ్యి ఖాళీగా ఉంటే పనంతా లాగేసుకుంటుంది. ఈ మొదటి నెలలే ముఖ్యం" అంది.

"ఇంట్లో నా మాట వినరు, నువ్వే చూసుకో" అని వదిన ఆ బాధ్యత నాకు అప్పజెప్పింది.

మూడు వారాలు బుద్ధిగా చేయించాను. ఒకనాడు ఆయన బొటనవేలు, చూపుడువేలు కలిసి డబ్బాలోంచి ఒక గుండీని పైకి తీశాయి. నేను పెట్టిన కేకకు పక్క షాపువాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"గుండీయేరా, గుర్రాన్నేం ఎత్తలేదు" అన్నాడు అన్నయ్య. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

అప్పుడే బడి యూనిఫాంల పని వచ్చిపడింది. కత్తిరించబోయి సగం తాను గుడ్డ పాడుచేశాను. చూడలేక ఆయన తొడుగు పీకేసి, "ఇటివ్వరా" అని ఎడమచేత్తో కత్తెర అందుకున్నాడు. మామూలు కత్తెర ఎడమచేతికి లొంగదు, గుడ్డ తెగకుండా మడతపడింది. బజారంతా గాలించి ఎడమచేతివాటం కత్తెర తెచ్చిపెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు వచ్చినవాళ్లందరికీ చూపించాను కూడా.

పది రోజుల్లో ఆ చెయ్యి ఆరితేరింది. "ఈ ఒక్కరోజుకే అన్నయ్యా" అని నేనే రోజూ తొడుగు తీసేవాణ్ని. ప్యాడ్లు మాత్రం మానలేదు. ఎడమచెయ్యి పాంట్లు కత్తిరిస్తుంటే, ఒళ్లో పడున్న కుడిచేతి వేళ్లు కరెంటుకి వాటంతటవే ఎగిరిపడేవి. వైద్యం జరుగుతూనే ఉంది కదా అనుకున్నాను. చదువుకున్న పిల్ల అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినా నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఎక్కలేదనడం కూడా అబద్ధమే. పని తెమలాలి, అందుకే ఎక్కించుకోలేదు.

నాలుగో నెలలో మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. ఆ అమ్మాయి బల్ల మీద ఖాళీ గ్లాసు పెట్టి పట్టుకోమంది. అన్నయ్య వేళ్లు గ్లాసు దాకా వెళ్లి, తెరుచుకోకుండా దానికి ఆనుకుని ఆగిపోయాయి. పాత కాగితాలు తిరగేసి, "అప్పుడు గుండీ తీశారని రాసుకున్నానే! తొడుగు రోజూ వేసుకుంటున్నారా?" అని నావైపు చూసింది.

నేను తల తిప్పుకున్నాను.

"నేనే తీసేసేవాణ్నమ్మా. మా తమ్ముడు పోరుతూనే ఉన్నాడు, నేనే వినలేదు" అన్నాడు అన్నయ్య.

ఆమె ఆయన్ని కోప్పడింది. మళ్లీ మొదలుపెడదాం గానీ అప్పుడొచ్చినంత తేలిగ్గా ఇప్పుడు రాదంది. అన్నయ్య బడిపిల్లాడిలా తలవంచుకుని విన్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మెట్లు దిగుతుంటే ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పలేదేం అన్నయ్యా?"

"చెప్తే చెయ్యొస్తుందా? నువ్వూ తిట్లు తినడం తప్ప" అని, మెట్ల కమ్మీ కుడివైపు ఉండటంతో పట్టు దొరక్క, నా భుజం మీద ఎడమచెయ్యి వేశాడు.

తిరిగి పైకి వెళ్లి ఆ అమ్మాయికి నిజం చెప్పాల్సింది నేను. పన్నెండు మెట్లే. వెళ్లలేదు.