ఏడో ఊరి జవాబు

సుస్మితకు నీళ్ల భయం తొమ్మిదో ఏట పట్టుకుంది. రామన్నపేట అవతల మూసీ ఒడ్డున గొర్రెలు మేపే నాయిన మల్లప్పకు సద్ది తీసుకుపోతూ, మోకాలి లోతు నీళ్లలో కాలు జారింది. మల్లప్ప జడ పట్టి లాగి ఒడ్డున పడేశాడు. తిట్టలేదు. "నీళ్లు చెప్పి రావు బిడ్డా" అన్నాడంతే.

ఆ పిల్లే గురుకులంలో చదివి, నల్లగొండలో ఎంసీఏ చేసి, అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద పని, మూసీ వెంట ఏడు ఊళ్లకు వరద కబురు అందించే ఏర్పాటు.

అందులో మూడు ప్రోగ్రాములు. నది మట్టం కొలిచే పెట్టెలోది సీ భాషలో ఉంది. ఏ ఊరికి ఎప్పుడు నీళ్లొస్తాయో లెక్కగట్టేది పైథాన్‌లో. ఊళ్లో సైరన్ మోగించేది జావాలో. ముగ్గురు మూడు చోట్ల కూర్చుని రాసినవి. వాటి మధ్య మాట నడిపే ప్రోటోకాల్‌ను ఎంచే బాధ్యత సుస్మితది. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్న చోట కూడా నడుస్తుందని, మూడు భాషలకూ పనికొస్తుందని ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతిని ఎంచుకుంది. కబురు ముందు మధ్యలో ఉన్న కంప్యూటరుకు చేరుతుంది. అది తీసుకుని రసీదు ఇచ్చి, ఊళ్లకు పంచుతుంది. రసీదు రాగానే తెర మీద ఊరి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది.

ట్రయల్ రోజు ఏడు గుర్తులూ పడ్డాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఆ ఏడింటిలో ఒకటైన తన ఊరికి, తల్లి సోమమ్మకు ఫోన్ చేసి, సైరన్ ఎట్లా వినిపించిందని అడిగింది.

"ఏం సైరనే? ఈడేం మోగలే."

సుస్మితకు అప్పుడు వెలిగింది. ఆ ఆకుపచ్చ గుర్తు ఊరు ఇచ్చింది కాదు. మధ్యలోని కంప్యూటరు ఇచ్చింది.

సైరన్ చూడమని పంచాయతీకి చెబితే "చూస్తం" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆమె మేనేజర్ దివాకర్ ముందు నిలబడింది.

"సార్, సైరన్ మోగినంక ఆ పెట్టె మళ్ల సొంతంగ కబురు పంపాలె. అది వస్తెనే గుర్తు పడాలె."

"ప్రోటోకాల్‌లనే రసీదు ఉన్నది గద?"

"అది పోస్టాఫీసోళ్ల రసీదు సార్. ఉత్తరం ఇంటోళ్లకు ముట్టినట్టు కాదు."

దివాకర్ నవ్వాడు. "ఏంది, మీ గొర్లు గిట్లనే చెప్తయా? నేనొచ్చిన, నేనొచ్చిన అని?"

"గొర్లు చెప్పయి సార్, మనుషులు చెప్తరు. ఈ ఒడ్డుకెల్లి మా నాయిన కేకేస్తె ఆ ఒడ్డోడు మళ్ల కేకెయ్యాలె. ఎయ్యకపోతె మందనిడిసిపెట్టి మనిషి పోవాలె."

దివాకర్ నవ్వు ఆపాడు. "రెండు దినాలల్ల అయితదా?"

అయింది. ప్రతి కబురుకూ ఒక నంబరు. సైరన్ మోగాక పెట్టె అదే నంబరుతో జవాబు పంపాలి. మూడు నిమిషాల్లో రాకపోతే ఎర్ర గుర్తు.

మూడో రోజు మధ్యాహ్నం ఎగువన గేట్లెత్తారు. కబురు వెళ్లింది. ఆరు ఊళ్లు వరసగా జవాబిచ్చాయి. ఏడోది ఎర్రబడింది. అది వాళ్ల ఊరే, ఏడింటిలో అన్నిటికంటే ఎగువది. పచ్చగడ్డి ఉండే ఆ నెలల్లో మల్లప్ప ఏటి నడిమి దిబ్బ మీద మేపుతాడు. తడుస్తుందని ఫోన్ ఇంట్లోనే వదిలిపోతాడు. లెక్క ప్రకారం నీళ్లు ముప్పై నిమిషాల దూరంలో ఉన్నాయి.

"అమ్మా, నాయినేడి?"

"ఇంకేడుంటడే, ఏట్లనే."

"నీళ్లొస్తున్నయి. ఉరుకమ్మా! ఫోన్ పెట్టెయ్యకు."

చెప్పుల చప్పుడు, తల్లి రొప్పు. ఆ తర్వాత వినాయకుడి పందిరి దగ్గరి పాటలు. ఉన్నట్టుండి సోమమ్మ అరిచింది: "ఓ పోరీ, ఆ సైరన్ డబ్బ బ్యాటరీ ఈడనే ఉన్నదే! మైకుకు పెట్టుకున్నరు దొంగ సచ్చినోళ్లు!"

"గా మైకులనే పిలువమ్మా!"

పాట ఆగింది. పెళ్లయి ముప్పై ఏళ్లలో మొగుడి పేరు నోట పలకని సోమమ్మ, ఊరూ ఏరూ వినేలా మైకులో కేక పెట్టింది. "ఓ మల్లప్పా! ఏట్లకెల్లి ఎల్లు! మల్లప్పా!"

ఆ తర్వాత ఎవరెవరో ఏటి వైపు పరుగెత్తుతున్న చప్పుడు. సుస్మిత ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుని, తొమ్మిదేళ్లప్పుడు చెవుల్లో నిండిన హోరునే మళ్లీ విన్నది. ఎంతసేపో తెలియలేదు.

"వొచ్చిండే..." సోమమ్మ ఏడుస్తోంది. "రెండు గొర్రెపిల్లల్ని బుజానేసుకొని వొచ్చిండు. పదమూడు గొర్లు పాయె."

మల్లప్ప ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. ఆ పదమూడింటినీ రంగులతో, గుర్తులతో సహా చివరిదాకా తలచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం సుస్మితకు ఏడవడానికి కూడా వ్యవధి లేకపోయింది. తెర మీద ఆరు ఆకుపచ్చ గుర్తులు మెరుస్తున్నాయి. పెట్టెలు మోగాయి, నిజమే. విన్నదెవరు? కింది ఊళ్ల ఏట్లో ఎవరున్నారు? వాటిలో మొదటి ఊరి నంబరు నొక్కింది.

"హలో, ఎవరు?"

"అన్నా, సైరన్ యిన్నవా? యిన్నవా లేదా చెప్పు. ఏట్లకెల్లి అందరెల్లిన్రా?"