పండుమిరపకాయలూ, రెండు పళ్ళేలూ

పండుమిరపకాయ దొరికేది కొద్ది వారాలే. ఆ వారాల్లోనే ప్రత్తిపాడులో మా అక్క ఏడాదికి సరిపడా పచ్చడి పట్టి అమ్ముకోవాలి. తొడిమలు తీసీ తీసీ చేతులు భగభగ మండిపోయేవి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది.

అందుకే నిరుడు కాయలు గడ్డకట్టించి దాచే కొత్త మిషన్ అమ్మే ఆయన వస్తే అక్క కళ్ళు మెరిశాయి. ఆయన అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఏవో తరంగాలతో గడ్డకట్టిస్తుందట, కాయలో కణం చెక్కుచెదరదట, ఏడాది తర్వాత తీసినా అప్పుడే కోసినట్టుంటుందట. తను తెచ్చిన కాయలు కరిగించి, నూరించి, అందరికీ రుచి చూపించాడు. కాయలు అలా దాచుకుంటే నెలకి కాస్త చొప్పున, చేతులు ఇంతగా మండకుండా పట్టుకోవచ్చని అక్క ఆశ. గేదెను అమ్మేసైనా కొంటానంది. ఇల్లు గడిచేదే ఆ గేదె పాలతో!

“నూరిన పచ్చడిలో కణం పగిలిందో లేదో ఎవరికి తెలుస్తుందండీ?” అన్నాను.

“నమ్మకం ఉండాలి మేడమ్.”

“నమ్మకం చర్చిలో ఉందండీ. మిషన్‌కి పరీక్ష పెట్టాల్సిందే.”

“ఊరుకోవే! ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తావు” అని అక్క కసిరింది.

అడ్డుపుల్ల కాదు, నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆయన చెప్పేది నిజమైతే అంతకంటే ఏం కావాలి? ఒకే చేలో కాయలు తెప్పించాను. సగం వారం వాడి చూడమని ఆయన వదిలివెళ్ళిన మిషన్‌లో, సగం వీధి చివర ఐస్‌క్రీం కొట్టువాళ్ళ పాత డీప్ ఫ్రిజ్‌లో పెట్టాం. వారం తర్వాత ఆయన వస్తున్నాడనగా రెండూ కరిగించి రెండు పళ్ళేల్లో పోశాను. కొట్టు కాయల పళ్ళెం అడుగున బొగ్గుతో గీత గీశాను. నొక్కి చూశాను, వాసన చూశాను, కొరికి నోరు కాల్చుకున్నాను. ఊహూఁ, తేడా తెలిస్తేగా!

“మీదేదో మీరే చెప్పండి” అన్నాను.

ఆయన ఒక పళ్ళెంలోంచి కాయ తీసి, “చూడండి, ఎంత బిగువో! ఇదీ మా టెక్నాలజీ” అన్నాడు.

ఆ పళ్ళెం ఎత్తి అడుగు చూపించాను. గీత ఉంది.

ఆయన కాయ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. “ఏడాది ఉంచితే తెలుస్తుంది మేడమ్.”

“అలాగే ఉంచి తీసుకురండి, చూద్దాం” అన్నాను. వెటకారం కాదు, ఆ కాయ ఎలా ఉంటుందో చూడాలని నాకిప్పటికీ ఉంది.

ఆయన వెళ్ళాక సంబరంగా అక్క వైపు తిరిగాను. అక్క నవ్వలేదు. రెండు పళ్ళేలనూ మార్చి మార్చి చూస్తోంది.

“అయితే మామూలు ఫ్రిజ్ చాలన్నమాట” అంది. “మరి ఇన్నేళ్ళూ ఈ చేతులెందుకు కాల్చుకున్నానే?”