ఒక్క ముడత కూడా ఉండదు

ఇస్త్రీ అత్తయ్య అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఇన్నేళ్లూ గోడవారన బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి, ఇప్పుడు షట్టరున్న సొంత దుకాణం తెరవబోతోంది. కొద్దిరోజులుగా ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు. పొద్దున్నే వెళ్లి షట్టరు పైకెత్తడం, మళ్లీ దించడం, ఆ చప్పుడు విని మురిసిపోవడం!

దుకాణానికి బోర్డు కావాలి కదా. దాని మీద రాయాల్సిన మాట, ఆమె పక్కనే నిలబడి ఇస్త్రీ చేసే మొగుడే కట్టాడు: ‘మా దగ్గర ఒక్క ముడత కూడా ఉండదు.’ పక్కన ఇద్దరి ఫోటో వెయ్యాలన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“ఆ మాట పక్కన నా మొహమా? చూసినవాళ్లు పడీ పడీ నవ్వరూ? మీరొక్కరే దిగండి,” అంది అత్తయ్య.

“దుకాణం నీదైతే మధ్యలో నా మొహం ఒక్కటే ఎందుకే? నువ్వు లేకపోతే ఫోటోనే వద్దు,” అని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

పైకి కసిరింది గానీ, ఆ బోర్డెక్కాలని ఆమెకు ఎంత ఆశ! ఫోటో ఏమో సాయంత్రంలోగా పంపాలి. లేకపోతే ఉత్త అక్షరాలే వేసేస్తానని బోర్డు రాసే అతను తేల్చి చెప్పేశాడు.

మధ్యాహ్నం కూతురు సంచి ఊపుకుంటూ వచ్చింది. ఆ పిల్ల క్రీములూ పౌడర్లూ అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. సంచిలోంచి చెంచా అంత పరికరం తీసింది. చివర నున్నటి లోహపు బిళ్ల, పిడి మీద ఒక బటన్.

“ఇది వెచ్చబడుతుందమ్మా. క్రీము రాసి, మొహం మీద కింది నుంచి పైకి మెల్లగా జరపాలి.”

“ముడతలు పోతాయా?”

“పోతాయని అబద్ధం చెప్పలేను. హాయిగా ఉంటుంది, మొహం కాస్త కళగా కనబడుతుంది.”

“నా మొహానికే ఇస్త్రీ పెట్టె తెచ్చావన్నమాట!” అని అత్తయ్య నవ్వబోయి, ముడతలు గుర్తొచ్చి మూతి బిగించింది.

“ఇటివ్వు. వేడి సంగతి నాకు చెప్పాలా?” అంటూ మొగుడు లాక్కున్నాడు. ముందు తన మణికట్టుకు ఆనించి చూసుకున్నాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కూతురు క్రీము రాయగానే మెడ దగ్గర మొదలుపెట్టాడు.

“నాన్నా, మొహానికి!”

“కాలర్‌తో కాకుండా చొక్కా మొదలెడతారటే ఎవరైనా?”

ఆ వెచ్చదనం మెడ నుంచి దవడకు, దవడ నుంచి చెంపకు పాకింది. అత్తయ్య కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఇన్నేళ్లూ ఆమె చేతి కింది వేడి ఎవరెవరి బట్టలకో పోయింది. తన ఒంటికంటూ వచ్చింది ఇవాళే. ఎంత బాగుందో! మొగుడు ఇంత మెత్తగా తాకగలడని కూడా ఆమెకు ఇవాళే తెలిసింది.

నుదుటి దగ్గరికి వచ్చాక ఆయనకు ఒళ్లు తెలియలేదు. అక్కడ ఒక గీత మొండికేసింది. అలవాటులో పొరపాటు, ఎడమచెయ్యి పక్కనున్న, బట్టల మీద చల్లే నీళ్ల గిన్నెలోకి వెళ్లింది. చేరెడు నీళ్లు చిలకరించేశాడు.

అత్తయ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. ఎదురుగా పరికరం పట్టుకుని గుడ్లప్పగించిన మొగుడు.

“చొక్కా అనుకున్నారా నన్ను!”

“గీత పోలేదని...”

ఇక ఆగలేదు. పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది. ఆయనా ఆమె భుజం మీద వాలిపోయి నవ్వాడు. కూతురు టక్కున ఫోటో తీసేసింది.

ఫోన్ చేతికిస్తే అత్తయ్య చాలాసేపు చూసింది. కళ్ల పక్కన, నోటి పక్కన, నుదుటి మీద, ఎక్కడ చూసినా ముడతలే. అయినా అందులో ఉన్న మనిషి ఆమెకు తెగ నచ్చేసింది. తనని తాను అంత సంతోషంగా ఎప్పుడూ చూసుకోలేదు మరి.

“ఇదే పంపు,” అంది. తర్వాత తనే బోర్డు రాసే అతనికి ఫోన్ చేసింది.

“బాబూ, ఆ మాట కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క వెయ్యి. ‘పూచీ బట్టలకే, మొహాలకు కాదు.’”