ఇల్లు చేరని పాఠం: సలోమి టీచరు గారి స్మృతిలో

సోమవారం ఉదయం ప్రార్థనకు పిల్లలను వరుసల్లో నిలబెడుతున్నాను. ఆఫీసు గుమస్తా నా దగ్గరికొచ్చి, సలోమి టీచరు గారు తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని మెల్లగా చెప్పాడు. శనివారం సాయంత్రం నాతో మామూలుగా మాట్లాడిన మనిషి. నమ్మలేకపోయాను. మైకులో ప్రార్థన మొదలైంది. పిల్లలతో పాటు పెదవులు కదిపాను.

గుణదలలోని మా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నేను లెక్కలు చెబుతాను. పక్క గదిలో ఆమె మూడో తరగతికి సైన్సు చెప్పేవారు. ఉయ్యూరు దగ్గర పల్లెలో చెరకు నరికే కూలీల బిడ్డ. తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఇంగ్లీషును పట్టుదలతో సాధించిన విదుషీమణి. కోపం ముక్కుమీదే ఉండేది, హాస్యం దాని పక్కనే. మా హెడ్మాస్టరు గారు ఆవలించినా ఇంగ్లీషులోనే ఆవలిస్తారని స్టాఫు రూములో గంభీరంగా ప్రకటించి, అందరినీ నవ్వించి, తాను మాత్రం నవ్వకుండా నోటు పుస్తకాలు దిద్దుకునేవారు.

మా బడి పద్ధతి ఈ ఊళ్ళో చాలా బడుల పద్ధతే. పాఠం ఇంగ్లీషులో చదువుతాం, జవాబులు బోర్డుమీద రాస్తాం, కంఠతా వచ్చేదాకా పిల్లలంతా ఒకే గొంతుతో అరుస్తారు. తరగతి గదిలో తెలుగు మాట వినబడకూడదు. ఈ విద్యలో మా అందరికంటే సలోమి టీచరు గారే సిద్ధహస్తులు. బడి చూడడానికి ఎవరొచ్చినా హెడ్మాస్టరు గారు ముందు ఆమె తరగతికే తీసుకెళ్ళేవారు.

ఆ తరగతిలో లావణ్య అని ఒక పిల్ల ఉండేది. కాలువ గట్టు మీద ఇల్లు. తల్లి నాగమణి టిఫిన్ల కొట్లో పని చేసేది, చదువుకోలేదు. నీటి శుభ్రత పాఠాన్ని లావణ్య తడుముకోకుండా అప్పజెబితే బడి వార్షికోత్సవంలో బహుమతి కూడా ఇచ్చాం. రంగు మారిన నీళ్ళు తాగరాదు, నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి. పాఠంలో ఉన్నది ఇంతే. ఆ వానాకాలం గట్టు మీద కొళాయిల్లో నీళ్ళు రంగు మారాయి. వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దవాళ్ళు తేరుకున్నారు. లావణ్య ఆసుపత్రిలో చనిపోయింది.

సలోమి టీచరు గారితో కలిసి నేనూ ఆ ఇంటికి వెళ్ళాను. నాగమణి ఏడవడం లేదు. నీళ్ళ వల్లేనని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడట. ఆ సంగతే పట్టుకుని కూర్చుంది.

"ఆ నీళ్ళు తాగకూడదని బళ్ళో దానికి చెప్పారా అండీ?" అని అడిగింది.

"చెప్పానమ్మా. ఇంగ్లీషులో చెప్పాను" అన్నారు టీచరు గారు.

"నీళ్ళ పాఠమని రోజూ గడగడా అప్పజెప్పేదండి. ఎంత బాగా చెప్తుందో వినండని పక్కింటోళ్ళని పిలిచి మరీ చెప్పించేదాన్ని. అందులో ఉన్నది ఇదా అండీ?"

ఆ ప్రశ్నకు సలోమి టీచరు గారు జీవితాంతం జవాబు చెప్పుకుంటూనే ఉన్నారని నేననుకుంటాను.

మర్నాటి నుంచి ఆమె బోధన మారిపోయింది. ఏ పాఠమైనా చివర ఒక్కో పిల్లనూ, పిల్లవాడినీ లేపి, "ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్తావు?" అని తెలుగులో అడిగేవారు. అమ్మకు చెప్పినట్టు చెప్పలేకపోతే ఆ పాఠం మళ్ళీ మొదటికే. "ఇంగ్లీషు నేర్పండి, గట్టిగా నేర్పండి. అది రాకుండా మా అమ్మానాన్నలు ఎన్ని అవమానాలు పడ్డారో నాకు తెలుసు. కానీ పిల్లకి అది వచ్చేదాకా ప్రాణం మీదకొచ్చే సంగతులు దాచిపెట్టకండి" అనేవారు మాతో. మేం తలలూపేవాళ్ళం. ఊపి, మా గదుల్లోకి పోయి మళ్ళీ పిల్లల చేత అరిపించేవాళ్ళం.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. ఇంగ్లీషు బడిలో తెలుగేమిటని హెడ్మాస్టరు గారి గదికి వచ్చారు. వాళ్ళలో ఒక ఆటో డ్రైవరు, "తెలుగు మా ఇంట్లో బోలెడుందండీ. దానికి ఫీజెందుకు కట్టాలి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం, అతని బాధలో న్యాయముంది, తన బాధ అతనికి ఎలా చెప్పాలో తెలియడం లేదు అన్నారు. యాజమాన్యం ఆమె నుంచి తరగతిని తీసేసి, సాయంత్రం పిల్లలను ఆటోలు ఎక్కించే గేటు డ్యూటీ వేసింది. అంత అనుభవమున్న ఉపాధ్యాయినికి అంతకంటే అవమానం ఉండదు. మానేసి వెళ్ళిపోతారనే వేశారు. ఆమె వెళ్ళలేదు.

గేటు దగ్గరే బడి పెట్టారు. ఆటో వచ్చేలోగా ఏ తరగతి పిల్లలు దొరికినా, ఇవాళేం చదివావు, అమ్మకి ఏం చెప్తావు అని అడగడం, తెలియకపోతే నిలబెట్టి విడమరచి చెప్పడం. కొన్నాళ్ళకు ఆ ఆటో డ్రైవరే, పెరట్లో పాత టైరులో నిలిచిన నీళ్ళు పారబోసేదాకా కూతురు తనకు అన్నం తిననివ్వలేదని ఫిర్యాదు తెచ్చాడు. "చూశారా, మీరు కట్టిన ఫీజు ఇంటికి చేరింది" అన్నారు ఆమె. అతను గొణుక్కుంటూనే పోయాడు గాని, మళ్ళీ హెడ్మాస్టరు గారికి ఫిర్యాదు చెయ్యలేదు. ఆమె పూర్తిగా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ సోమవారమే జరిగిన భూస్థాపనకు నాగమణి వచ్చింది. సమాధుల తోట దాకా నడిచింది.

మర్నాడు బడిలో సంతాప సభ జరిపారు. హెడ్మాస్టరు గారు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, తరగతి తరగతికీ పంపి బట్టీ పట్టించారు. మైదానంలో పిల్లలంతా ఒకే గొంతుతో చెప్పారు. ఒక్క తప్పు రాలేదు. చప్పట్లు కూడా కొట్టబోయారు, ఆపాం. అప్పుడు ముందు వరుసలోని రెండో తరగతి పిల్ల నన్ను పిలిచింది.

"సార్, నిన్న సలోమి మేడం గారు గేటు దగ్గర లేరండి. ఇవాళైనా వస్తారా?"

"రారమ్మా. చనిపోయారు. మీరంతా ఇప్పుడు చెప్పింది అదే" అన్నాను తెలుగులోనే. ఈ వ్యాసం చదివాక మా యాజమాన్యం ఆ తెలుగుకు కూడా కలిపి నాకేం డ్యూటీ వేస్తుందో చూడాలి.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, పక్కపిల్లతో ఏదో అంది. ఆ పిల్ల తన పక్కపిల్లతో అంది. ఏడుపు ఒక్కో వరుసే దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. హెడ్మాస్టరు గారు నిశ్శబ్దం పాటించమని మైకులో ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నారు. ఎవరూ పాటించలేదు.

ఆ మహోపాధ్యాయినికి మా బడి అర్పించిన నిజమైన నివాళి ఆ ఏడుపొక్కటే. ఆమె లోటు తీర్చే మనిషి మా స్టాఫు రూములో లేరు, నేనూ కాను. ఆ సాయంత్రం ఆటోలు వచ్చాయి. పిల్లలను ఎవరూ ఏమీ అడగలేదు. ఎక్కి ఇళ్ళకు పోయారు.